కాంట్రాక్టు బ్రహ్మచారి

మనవాణ్ని గుర్తుపట్టడం తేలిక. ముప్పై దాటాడు, పెళ్లి కాలేదు. భుజాన వర్క్‌షాపులో ఊరికే ఇచ్చిన గుడ్డసంచి, దాని మీద వెలిసిపోయిన అక్షరాల్లో ‘ట్రియెస్టె’. ఘనపదార్థంలో కోటానుకోట్ల ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరిగితే ఏమవుతుందో లెక్కగట్టడం అతని వృత్తి. కండెన్స్‌డ్ మ్యాటర్ థియరీలో పోస్ట్‌డాక్, పీహెచ్‌డీ తర్వాత కాంట్రాక్టు మీద పనిచేసే పరిశోధకుడు. ‘అంటే ఏం చేస్తావురా’ అని అడిగారా, గుంపు చేరితే కొత్త గుణాలు పుడతాయంటూ ఫిలిప్ ఆండర్సన్ 1972లో రాసిన వ్యాసం దగ్గర్నుంచి మొదలెడతాడు. ఆ వ్యాసం నాలుగు పేజీలే. ఇతని వివరణ అంతలో తెమలదు.

వేసవిలో ఇంటికొస్తే తెల్లారుజామున ఐదున్నరకే లేస్తాడు. వాళ్లమ్మ సుప్రభాతం పెడుతుంది. ఇతను పళ్లు తోముకుంటూనే ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ఆ రోజు వచ్చిన పేపర్ల జాబితా తెరుస్తాడు. తన ఆలోచనని ఎవడైనా ముందే రాసేశాడా? లేదు. హమ్మయ్య. తన పేపరును ఎవరైనా ఉదహరించారా? లేదు. ఈసారి హమ్మయ్య అనడు. జర్మనీలో ఉంటే అదే జాబితా రాత్రి రెండింటికి వస్తుంది. అక్కడతను ఆలస్యంగా పడుకోవడానికి కారణం విజ్ఞానతృష్ణ అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు.

మనకి కార్తీకం వచ్చేసరికి అతనికి దరఖాస్తుల నోము మొదలవుతుంది. రెండేళ్ల ఉద్యోగంలో మొదటి ఏడు ఊరు అలవాటు కావడానికి, రెండో ఏడు తర్వాతి ఊరు వెతుక్కోవడానికి. చేతిలో ఉన్నది ఒకటే లెక్క, స్పిన్ చైన్. డ్రెస్డెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థకి రాసేటప్పుడు అది ‘మెనీ బాడీ డైనమిక్స్’. క్వాంటం కంప్యూటర్ల వాళ్లకి ‘క్వాంటం సిమ్యులేషన్’. ఇంకొకరికి అదే ‘మెషీన్ లెర్నింగ్’. కిందటేడు ట్రియెస్టెలోని భౌతికశాస్త్ర కేంద్రానికి పంపిన ఉత్తరం చివర ‘మీ డ్రెస్డెన్ సంస్థలో పనిచెయ్యాలన్నది నా చిరకాల వాంఛ’ అని ఉండిపోయింది. పంపాక చూసుకున్నాడు. ట్రియెస్టె కేంద్రాన్ని పేదదేశాల శాస్త్రవేత్తల కోసం అబ్దుస్ సలామ్ 1964లో పెట్టాడు. అలాంటి చోట క్షమాగుణం ఉంటుందని రెండు రోజులు ఆశపడ్డాడు.

ఇక సిఫారసు ఉత్తరాలు. మూడు కావాలి. మొదటిది గైడు రాస్తాడు, రెండోది ఇప్పటి బాసు. మూడోవాడే దొరకడు. ఎప్పుడో సమావేశంలో పక్కన కూర్చుని భోంచేసిన ప్రొఫెసర్ని పట్టుకుని ‘సర్, జెంటిల్ రిమైండర్’ అని రాయాలి. ఆ ఒక్క వాక్యానికి అతనికి ఒక పూట పడుతుంది.

పరిశోధనలో ఫ్యాషన్లతో కూడా అతనికి చిక్కే. 2018లో రెండు గ్రాఫీన్ పొరల్ని 1.1 డిగ్రీలు మెలిపెడితే సూపర్ కండక్టర్ అవుతుందని తేలింది. లోకమంతా మెలితిప్పడంలో పడితే మనవాడు అప్పటికే నిటారు గ్రాఫీన్ మీద థీసిస్ మొదలెట్టేశాడు. 2023 జులైలో గది వేడిలోనే పనిచేసే సూపర్ కండక్టర్ దొరికిందంటూ ఎల్‌కే-99 గోల రేగితే ఈసారి వెనకబడకూడదని లెక్క మొదలెట్టాడు. అది పూర్తయ్యేలోపే, ఆగస్టు మధ్యకల్లా, అదంతా కాపర్ సల్ఫైడ్ మలినం చేసిన మాయ అని తేలిపోయింది.

పెళ్లిచూపుల్లో అమ్మాయి తండ్రి అడిగాడు: “బాబూ, ల్యాబ్‌లో ఏం చేస్తుంటారు?”

“మాకు ల్యాబ్ ఉండదండీ. కాగితం, పెన్ను, కంప్యూటరు.”

“సాఫ్ట్‌వేరన్నమాట!” ఆయన మొహం వెలిగింది.

“కాదండీ” అన్నాడు మనవాడు. పక్కనున్న తెనాలి మేనమామ కాలు తొక్కాడు.

“ఉద్యోగం ఎన్నాళ్లు?”

“రెండేళ్లండీ. నిధులుంటే మూడో ఏడు.”

“ఆ తర్వాత పర్మనెంటే కదా?”

“ఆ తర్వాత ఇంకో పోస్ట్‌డాకండీ. వేరే దేశంలో.”

“మావాడు జర్మనీలో సైంటిస్టండీ! అంతవరకూ రాసుకోండి” అని మేనమామ అందుకున్నాడు గానీ, అప్పటికే లోపల్నుంచి రావలసిన రెండో ప్లేటు జంతికలు ఆగిపోయాయి. దారిలో ఆయన బాధ ఒకటే: “నిన్ను అబద్ధమాడమన్నానా అల్లుడూ? ఆ ‘కాదండీ’ మింగేస్తే సరిపోయేదిగా!”

పాపం, ఆయనకేం తెలుసు? మనవాడి వయసు పుట్టిన తేదీ నుంచి నడవదు. జర్మనీ వాళ్ల హంబోల్ట్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి పీహెచ్‌డీ అయి నాలుగేళ్లు దాటకూడదు. కాబట్టి అతను సంబంధాల వాళ్లకి ముదిరిపోయాడేమో గానీ, హంబోల్ట్ వాళ్లకి ఇంకా మూడేళ్ల పసివాడే.

జీతం తక్కువేం కాదు, బుర్రా తక్కువ కాదు. తోటివాళ్లు కొందరు బ్యాంకుల్లో రిస్కు లెక్కలకు వెళ్లిపోయారు. ఇతను వెళ్లడు. లెక్క సగంలో ఉందంటాడు. ఎప్పుడడిగినా సగంలోనే ఉంటుంది. అది మొండితనమే. అలాంటి మొండివాళ్లు లేకపోతే ఆ లెక్కలు ముందుకు సాగవు కూడా.

సంక్రాంతికి ఇలాంటివాడు మీ ఇంటికొస్తే ‘ఎప్పుడు సెటిలవుతావు’ అని మాత్రం అడక్కండి. క్వాంటం మాంటే కార్లోలో సైన్ ప్రాబ్లెం అంటే ఏమిటని అడగండి. సాయంత్రం దాకా మీకు వేరే పని లేకపోతేనే సుమా.