ఒంటి మనిషి, జంట గది

రేణిగుంటలో ఒంటి టికెట్టు మనుషులని ఒక తెగ ఉంది. రైల్వేలోనో, క్యారేజీ రిపేరు షాపులోనో సర్వీసు చేసి రిటైరైనవాళ్ళు. వీళ్ళలో కొందరికి పెళ్ళి కాలేదు. కొందరికి అయింది గానీ తోడు మిగల్లేదు. ఇంకొందరికి ఇల్లాలు నిక్షేపంగా ఉంది. అయితే ఊరు కదలడమంటే ‘నేను యాడికీ రాను, నువ్వు పోయిరా’ అనే మాట తప్ప ఆమె నోట ఇంకోటి రాదు. ఈ తెగలో ఒకాయన్ని చూస్తే తక్కిన అందరినీ చూసినట్టే.

ఈయన మతం చిన్నది: మనిషికొక టికెట్టు, టికెట్టుకొక బెర్తు. ఆ మతం పెట్టింది రైలు. ఫస్టు ఏసీ కూపేలో రెండే బెర్తులు. ఒంటి మనిషి ఎక్కినా చార్జీ ఒక బెర్తుకే. రెండోది రైల్వే ఇంకెవరికో అమ్ముకుంటుంది. ఎవరూ ఎక్కకపోతే కూపే మొత్తం ఈయనదే. ఆ రాత్రి సంగతి ఏడాది పొడుగునా చెప్పుకుంటాడు. ప్లాట్‌ఫాం మీద ఎవరైనా ‘ఒక్కరే పోతాండారా సార్?’ అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘పుట్టేటప్పుడు గ్రూపు బుకింగా నాయినా?’

ఈ మతానికి మొదటి దెబ్బ ఇంటి దగ్గరి కొండ మీదే తగిలింది. తిరుమలలో ఒంటి మనిషికి రూము ఇవ్వరు. యాత్రికుల వసతి సముదాయంలో లాకరు తీసుకొని, హాల్లో చాప పరుచుకోవాల్సిందే. వెయ్యి రూపాయల కల్యాణోత్సవం టికెట్టు కూడా ఇద్దరి లెక్కన్నే. స్వామితో వాదనేమిటని ఈయన ఊరుకున్నాడు. పైగా అందులోనే ఒక సేవ కనిపెట్టాడు. ఎక్కడెక్కడి నుంచో దర్శనానికి ఒంటిగా దిగిన పాత స్నేహితులందరికీ రూములో రెండో మనిషి ఈయనే. పోయి కౌంటరు దగ్గర నిలబడి, రూము ఇప్పించి, ఉప్మా తిని, సాయంత్రం బస్సుకు కొండ దిగొచ్చేవాడు. 2023 మార్చిలో రూములిచ్చే చోట ముఖం గుర్తుపట్టే కెమెరాలు పెట్టాక ఆ సేవకు మొగమాటం వచ్చింది. ‘నా మొహం కంప్యూటరుకు కూడా కంఠతా వచ్చేసిందప్పా’ అని గర్వంగానే చెప్తాడు.

దేవుడి దగ్గర ఊరుకున్న మనిషి ఓడ దగ్గర ఊరుకోలేదు.

2022 జూన్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ చెన్నై రేవులో జెండా ఊపితే ఎంప్రెస్ అనే విహారనౌక బయల్దేరింది. విశాఖపట్నం చూసుకొని పుదుచ్చేరి చేరేసరికి, కాసినో ఉన్న ఓడకు అనుమతి లేదని అక్కడి ప్రభుత్వం అంది. ఓడ తీరానికి దూరంగా ఆగాల్సి వచ్చింది. ఆ వార్త చదివిన రోజే ఈయనకు ఓడల మీద మనసైంది. సిగ్నల్ పడక ఔటర్‌లో నిలబడిపోయిన బండిని చూసినంత ఆప్యాయత! రేణిగుంటకు సముద్రం లేకపోతే పోనీ, సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది. మద్రాసులో దిగితే రేవెంత దూరం?

తిరుపతిలో ఒక ట్రావెల్స్ ఆఫీసుకు పోయి, కంప్యూటరు ముందున్న కుర్రాడి ఎదురుగా కూర్చున్నాడు.

‘మనిషికి ఇంత అని రాసుండారు కదా. ఒక్క మనిషికి బుక్ చెయ్యి నాయినా.’

‘అది ఇద్దరు కలిసి ఉంటే రేటు సార్. ఒక్కరే అంటే రెండో మనిషి చార్జీ కూడా మీరే కట్టాల.’

‘రెండో మనిషి ఎవరు?’

‘ఎవరూ లేరు సార్.’

‘లేని మనిషికి చార్జీ ఏంది? పేరైనా చెప్పు, చార్టులో చూస్తా.’

కుర్రాడు ఓపికగా విడమరిచాడు. ఓడవాళ్ళు అమ్మేది బెర్తు కాదు, గది. గది ఖరీదును ఇద్దరికని లెక్కగట్టి, అందులో సగాన్ని మనిషి రేటని అచ్చేస్తారు. ఒక్కడే వస్తే మిగిలిన సగమూ ఆయన నెత్తినే పడుతుంది. గదులు నిండని సీజన్లో కొన్ని కంపెనీలు కొంత తగ్గిస్తాయి. రేవు పన్నులు మాత్రం మామూలుగా ఒక్కరికే. అసలు మర్మం ఓడెక్కాక ఉంది. టికెట్టు ఒక్కదానితో కంపెనీ కడుపు నిండదు. బారు, కాసినో, మసాజు, ఒడ్డున ఊరు చూపించే బస్సు, వీటన్నిటికీ విడిగా రాబట్టాలి. ఒక మనిషి తగ్గితే ఒక పర్సు తగ్గినట్టే.

‘నేను తాగను, జూదం ఆడను, ఒకరి చేత ఒళ్ళు పట్టించుకోను. కావాలంటే రాసిస్తా’ అన్నాడీయన.

‘అట్లాంటోళ్ళకు మూడు రేట్లు వెయ్యాల సార్.’

మర్నాడు ఈయన ఆధారాలతో వచ్చాడు. 2010లో తిరగడం మొదలుపెట్టిన నార్వేజియన్ ఎపిక్ ఓడలో ఒంటి ప్రయాణికుల కోసమే 128 గదులు కట్టారు. ఒక్కోటి వంద చదరపు అడుగులు. కిటికీ ఉంది గానీ అది వరండాలోకే. 2016లో క్వీన్ మేరీ 2 ఓడకు మరమ్మతులు చేసినప్పుడు 15 ఒంటిగదులు కొత్తగా చేర్చారు.

‘చూసినావా? మా తెగ కోసం ఓడనే మార్చినారు.’

‘అవి మన పక్క తిరిగేవి కావు సార్. మీ ఒక్కరి కోసం మద్రాసుకు రావాలంటే ఓడ మొత్తానికి చార్జీ కట్టాల.’

చివరికి దారి చూపించిందీ ఆ కుర్రాడే. మదనపల్లె నుంచి ఇట్లాంటి పెద్దమనిషే ఇంకొకాయన అడుగుతున్నాడు. ఇద్దరూ కలిస్తే చెరి సగం. మొహం వెలగాల్సింది పోయి ఈయన గంభీరమైపోయాడు. మదనపల్లె ఆయన్ని ఫోనులోనే ఇంటర్వ్యూ చేశాడు. గురక ఉందా? ఏసీ ఎంతలో పెడతారు? తెల్లారి నాలుక్కే లేచి లైటేస్తారా? బాత్రూములో పాడతారా? అవతలాయనదీ రైల్వేనే, అవే ప్రశ్నలు వరస తప్పకుండా తిరిగి అడిగాడు. ఇద్దరూ ఒకరినొకరు ఫెయిల్ చేసుకొని, ఎంతో మర్యాదగా ఫోన్లు పెట్టేశారు. ఈయనకు గిట్టనిది రెండో చార్జీ కాదనీ, రెండో మనిషనీ ఆ కుర్రాడికి అప్పుడు బోధపడింది. మారుమాట్లాడకుండా రెండు చార్జీల రసీదు కొట్టాడు.

ఓడెక్కగానే ఈయన చేసిన మొదటి పని గదిలో సరుకు లెక్క. తువ్వాళ్ళు రెండు జతలు, గ్లాసులు రెండు, లైఫ్ జాకెట్లు రెండు. ఒక మంచం రాత్రికి, ఇంకోటి మధ్యాహ్నం కునుక్కి. పొద్దున టిఫిను దగ్గర తన దోసె తిని, రెండో మనిషి వాటా దోసె కోసం మళ్ళీ లైన్లో నిలబడ్డాడు. డెక్కు మీద పరిచయమైన ఆడవాళ్ళు ‘మేడం రాలేదా అంకుల్?’ అని అడిగితే, ‘చార్జీ కట్టేసినానమ్మా, ఆమే ఇంకా ఎక్కలేదు’ అన్నాడు. వాళ్ళు పాపం అనుకున్నారు. ఈయన పోయి మూడో దోసె చెప్పాడు.

తిరిగొచ్చాక రేణిగుంట స్టేషన్ బయట పక్క వీధి దంపతులు ఎదురయ్యారు.

‘ఒక్కడివే పోయి రెండు టికెట్లు కట్టినావంట. మోసపోతివే అన్నా!’ అన్నాడు భర్త.

‘అది కాదప్పా. మీ ఇద్దరూ కలిసి పోతే ఆ గదికి ఎంత కడతారో, నేనూ అంతే కట్టినా. మీకు చెరి సగం గది, నాకు మొత్తం గది. మోసపోయేది ఎవురో నువ్వే చెప్పు.’

‘చాల్లే, ఈయన లెక్కలూ ఈయనా’ అంటూ ఆమె ఆటో వైపు నడిచింది. భర్త మాత్రం చెప్పుకు ఏదో గుచ్చుకున్నట్టు వంగి, రెండడుగులు వెనకబడి, ఆ ట్రావెల్స్ కుర్రాడి నంబరు అడిగి రాసుకున్నాడు.