గిట్టుబాటు బాబాయి

మిర్చికి గిట్టుబాటు ధర ఎంతన్నది ఏటా యార్డులో గొడవే గానీ, డిగ్రీలకి ఎంతో మా బాబాయిగారు కూర్చున్నచోటే తేల్చేస్తారు. నాకు సొంత బాబాయేం కాదు, కాలనీ మొత్తానికి బాబాయే. బ్యాంకులో రిటైరయ్యారు. జేబులో బాల్‌పెన్ను, చంకలో ఏదో ఒక పాత శుభలేఖ. లెక్కలన్నీ దాని వెనకే. మంచి అట్ట, పైగా ఊరికే వచ్చింది కదా అంటారు. ఎవరింట్లో పిల్లలు పాసైనా, స్వీటు నోట్లో పడకముందే "ఫీజెంత? ప్యాకేజీ ఎంత?" అంటారు.

డిగ్రీ అయ్యాక స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఈడీ చేస్తానంది మా అమ్మాయి. మర్నాడు పాలప్యాకెట్టు కన్నా ముందు బాబాయిగారొచ్చారు.

"రెండేళ్ళు," అంటూ శుభలేఖ తిరగేశారు. ఫీజు, హాస్టలు, బస్సు పాసు. వాటి కింద "రాకుండా పోయిన జీతం" అని ఇంకో పద్దు. (నిజం చెప్పొద్దూ, అది నాకు తట్టలేదు.) సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచీ ఉన్న కేంద్ర సంస్థలో సీటొస్తే ఫీజు భారం తక్కువేనంది అమ్మాయి. ఆయన మొహం వాడిపోయింది. చవగ్గా దొరికే చదువంటే ఆయనకి అనుమానం.

"చదివాక రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి తాతయ్యా. అది లేకుండా ఈ పని చెయ్యకూడదు."

"లైసెన్సన్నమాట! లైసెన్సున్నచోట రాబడి ఉండితీరాలే!"

పెన్ను పరుగెత్తింది. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల భవిత కేంద్రాలు చూసే రిసోర్స్ పర్సన్లది కాంట్రాక్టు కొలువని తెలిసి ఆగింది. 2024 తెలంగాణ డీఎస్సీలో 11,062 పోస్టులుంటే వాటిలో 1,016 స్పెషల్ ఎడ్యుకేషన్‌వే అనగానే మళ్ళీ కదిలింది. "మళ్ళీ డీఎస్సీ ఎప్పుడు?" అన్నారు. ఆ ముహూర్తం ఏ శుభలేఖలోనూ అచ్చయి ఉండదు.

ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒక టీచరుండాలని 2022లో కేంద్రం నిబంధన పెట్టిందంటే అదిరిపడ్డారు. "పదిమందికే! నా చిన్నప్పుడు అరవైమందికి ఒక్క మాస్టారు. తలకెంత పడిందో చూసుకో!"

ఆయన లెక్క తప్పని నేననను. లెక్క సరైనదే, ఆ కాంట్రాక్టు జీతాలే తప్పు.

"ఇంతకీ అక్కడ ఏం నేర్పుతారే తల్లీ?"

అమ్మాయి వేసవిలో ఒక ప్రత్యేక పాఠశాలకి వెళ్ళొచ్చింది. అక్కడో పన్నెండేళ్ళ కుర్రాడికి చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పుతున్నారు. ఆ పనిని ముక్కలు చేస్తారట: గుండీని రెండు వేళ్ళతో పట్టుకోవడం, కాజా వెతకడం, అంచు దూర్చడం, అవతల్నుంచి లాగడం. ముందు టీచరే అన్నీ చేసి, ఆఖరి లాగుడు ఒక్కటీ వాడికి వదిలేస్తుంది. అది పట్టుబడ్డాక దాని ముందుది.

"మొదటి గుండీకి నెలన్నర పట్టింది తాతయ్యా."

"నెలన్నర జీతం, భాగించు ఒక గుండీ," అని రాసుకున్నారు బాబాయిగారు. "మరి రెండోది?"

"వారంలో వచ్చేసింది. ఇప్పుడు పొద్దున్నే వాళ్ళమ్మ దగ్గరికి పరిగెత్తడు."

ఆయన రాసింది కొట్టేశారు. కింద "వాళ్ళమ్మ" అని కొత్త పద్దు పెట్టి, ఎదురుగా ఏ అంకె వెయ్యాలో తోచక, ఇంకో కాఫీ అడిగారు. వెళ్తూ వెళ్తూ శుభలేఖ మా బల్ల మీదే మర్చిపోయారు.

పాసైన పిల్లలుంటే ఆయన రేపో మాపో మీ ఇంటికీ వస్తారు. పాత శుభలేఖ ఒకటి తీసిపెట్టండి.