తాగనీకి అని రాస్తే

మహదేవపూర్ వైపు గోదావరి ఒడ్డు పల్లెల్లో మిరప వేశారంటే ఇంటిల్లిపాదీ దానికే అంకితం. మా కాకకు రెండెకరాల మిరప చేను. గోదావరి కంటికి కనిపించే దూరంలోనే ఉన్నా, చేను గడ్డ మీద ఉంది, ఆ నీళ్లు ఎక్కవు. చిన్న కాళేశ్వరం ఎత్తిపోతల పూర్తయితే కాటారం, మహదేవపూర్, మల్హర్, మహాముత్తారం మండలాల్లో 45 వేల ఎకరాలకు నీళ్లొస్తాయని ఏండ్ల తరబడి విన్నాడు. చూసి చూసి చివరికి బోరు వేయించాలని నిర్ణయించుకున్నాడు.

అది 2016 చలికాలం. బోరు వేయాలంటే వాల్టా చట్టం ఉంది, 2002 నుంచీ. ముందు దరఖాస్తు పెట్టాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల ఒప్పుకోరు. కాకకు చదువు లేదు, దరఖాస్తు నేనే రాసిచ్చాను. దేనికోసం అన్నచోట ఏం రాయమంటావని అడిగితే, "మిరప తోటకు అని రాయి. ఉన్నదున్నట్టు రాయి బిడ్డా" అన్నాడు. అట్లాగే రాశాను.

దరఖాస్తు ఆఫీసులో ఉండిపోయింది. ఇయ్యాల రమ్మంటే రేపు, రేపంటే సోమవారం. ఇక్కడ చేన్లో పూత రాలుతోంది. సాలు మధ్యలో నిలబడి చూస్తే చెట్టు మొదట్లో తెల్లగా రాలిన పూతే. చెట్టు మీద మిగిలిన పిందెలు ముడుచుకుపోతున్నాయి. "ఇంకో వారం దినాలైతే కాయితం అచ్చినా లాభం లేదు" అని కాక ఒక రాత్రి బోరు బండిని పిలిపించాడు. తెల్లవారుజామున బుడబుడమని బురద, ఆ తర్వాత తేట నీళ్లు పడ్డాయి.

మధ్యాహ్నానికల్లా ఆఫీసు నుంచి సారు వచ్చాడు. ఎవరు చెప్పారో చెప్పారు. బండిని ఆపేశారు. చుట్టూ జనం చేరారు. సారు అరవలేదు, గట్టిగానే అడిగాడు. "దరఖాస్తు పెట్టినవ్ గదా పెద్దాయనా, కాయితం అచ్చేదాక ఆగలేవా? పని జేసి తర్వాత అనుమతి అడిగితే దాన్ని అనుమతి అంటరా?"

కాక తల వంచుకున్నాడు. మందు బస్తాల కోసం తెచ్చిన అప్పులోంచి తీసి జుర్మానా కట్టాడు. "సారు చెప్పిందాంట్ల తప్పేంలే, నేనే ఆగలే" అన్నాడు ఆ రాత్రి. నాకూ అట్లాగే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. భూమి లోపలి నీళ్లు ఒక్కరివి కావు. ఒకరు తోడితే పక్కవాడి బావి దిగిపోతుంది. ముందు అడగాలన్న నియమం అందుకే పెట్టారు, అది ఉండాల్సిందే.

ఏండ్లు గడిచాయి. 2023 అక్టోబర్ 21 సాయంత్రం, కాళేశ్వరం ప్రాజెక్టు కింద మా దగ్గర గోదావరి మీద కట్టిన మేడిగడ్డ బరాజ్ 7వ బ్లాకులో పిల్లర్లు కుంగాయి. 85 గేట్లు, 16.17 టీఎంసీలు నిలిపే కట్టడం. ఆ తర్వాత జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ వేశారు, విచారణ నడిచింది. మా పల్లెల్లో వేరే ముచ్చట లేదు. ఒకనాడు కాక మా ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"గింత పెద్ద కట్టడం గదా. దీనికి అనుమతి కాయితం ఎన్నడచ్చింది బిడ్డా?"

కాగితాలు దాచుకునే అలవాటు నాది. చదివి చెప్పాను. కన్నెపల్లిలో శంకుస్థాపన 2016 మే 2న. అవతలి ఒడ్డు మహారాష్ట్రది, ముంపు వాళ్లకూ ఉంది. ఆ రాష్ట్రంతో మార్చిలోనే ఒక అవగాహన కుదిరినా, మేడిగడ్డ మట్టం 100 మీటర్లని తుది ఒప్పందం అయింది ఆగస్టు 23న. పర్యావరణ అనుమతి వచ్చింది 2017 డిసెంబర్ 22న.

కాక వేళ్ల మీద నెలలు లెక్కబెట్టాడు. ఒక చెయ్యి సరిపోలేదు, రెండు చేతులూ సరిపోలేదు.

"అంటే నేను బోరేసిన నాటికి గూడ ఆ కాయితం లేదా?"

"లేదు కాకా. ఆ తర్వాత ఏడాదికి వచ్చింది."

"మరి ఎవలూ అడగలేదా?"

అడిగారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. 2017 అక్టోబర్‌లో ట్రిబ్యునల్ పనులు ఆపమంది, నవంబర్‌లో హైకోర్టు ఆ స్టే ఎత్తేసింది. 2020 అక్టోబర్ 20న ట్రిబ్యునల్ తుది తీర్పు చెప్పింది. పని చాలావరకు చేసేశాక అనుమతి ఇచ్చారని, అది చట్టానికి విరుద్ధమని అందులో ఉంది.

"మరి సర్కారు తరఫున ఏమని చెప్పిండ్రు?"

"తాగునీళ్ల కోసం కడుతున్నం, దానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదు అని చెప్పారు."

కాక చాలాసేపు నా మొహం చూశాడు. "ఎన్ని నీళ్లు తాగనీకి?"

ప్రాజెక్టు లెక్క 240 టీఎంసీలు. హైదరాబాద్‌కు 30, దారిలో పల్లెలకు 10. సాగుకు 169. అదే చెప్పాను.

"దరఖాస్తు రాసింది నువ్వే గదా బిడ్డా" అన్నాడు కాక మెల్లగా. "నాకు తెల్వదు, నువ్వు సదువుకున్నోనివి. తాగనీకి అని రాస్తే అయిపోవు గదా."

సర్కారు చెప్పిన ఆ వాదనను ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. జరిగిపోయిన పనిని వెనక్కి తిప్పలేమంటూ, జరిగిన నష్టం అంచనాకు కమిటీ వేయమంది. పని మొదలుపెట్టి తర్వాత అనుమతి అడిగినందుకు మా మండలంలో జుర్మానా కట్టింది, నాకు తెలిసి, కాక ఒక్కడే.