నల్ల తెరకు బంగారు పూత

గేమ్ కన్సోల్‌ని ఆటను రికార్డు చేసే క్యాప్చర్ కార్డుకు తగిలించాను, తెర మీద ఆటకు బదులు అమావాస్య కనిపిస్తోందని ఎవరైనా మొరపెట్టుకుంటే చాలు, సలహా సిద్ధంగా ఉంటుంది: "కేబుల్ మార్చండి." మార్చినా వెలుగు రాకపోతే ఇంకాస్త ఖరీదైన సలహా: "బంగారు పూతది కొనండి."

ఆ హెచ్‌డీఎంఐ కేబుల్‌లో నడిచేవి సున్నాలూ ఒకట్లూ. అవి బంగారం చూసి మురిసిపోవు. పూత వల్ల కనెక్టరుకు తుప్పు పట్టదు, అంతవరకు నిజమే. టీవీ వెనక దుమ్ములో కదలకుండా పడి ఉండే తీగకు అంత సింగారం ఎందుకన్నది వేరే సంగతి. కేబుల్ నిజంగా చెడితే బొమ్మ మిణుకుమంటుంది, దాని మీద చుక్కలు పడతాయి, ఉండుండి బొమ్మే పోతుంది. అదే కేబుల్ టీవీలో నిక్షేపంగా పనిచేస్తూ, కార్డుకు పెట్టగానే చీకటి చూపిస్తే దోషి సాధారణంగా కేబుల్ కాదు, హెచ్‌డీసీపీ.

ఈ హెచ్‌డీసీపీ ఇంటెల్ తయారుచేసిన కాపలాదారు. అవతల ఉన్నది టీవీయేనా, రికార్డు చేసే యంత్రమా అని తాళంచెవులు అడిగి మరీ బొమ్మను వదులుతుంది. కన్సోల్ మీ డబ్బుతో కొన్నది, ఆడుతున్నవి మీ బొటనవేళ్లు. అయినా దొంగ మీరే! అసలు దొంగల మాటకొస్తే, దీని మాస్టర్ కీ 2010లోనే బయటపడింది. నిజమైనదేనని ఇంటెల్ కూడా ఒప్పుకుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ మూడేళ్ల తర్వాత, 2013 నవంబరులో, ప్లేస్టేషన్ 4 అదే కాపలాతో అంగట్లోకి దిగింది. అదే నెలలో వచ్చిన ఎక్స్‌బాక్స్ వన్ ఆటలకు మాత్రం ఈ తాళం లేదు, ఆకాశమేమీ ఊడిపడలేదు. సోనీకి 2014 ఏప్రిల్ ఆఖర్లో, 1.70 అప్‌డేట్‌తో, మనసు కరిగి ఆటలకు ఆ కాపలాను ఆపుకోనిచ్చింది. ప్లేస్టేషన్ 3కి ఆ దయ కూడా దక్కలేదు. రికార్డింగ్ కావాలంటే పాతకాలపు అనలాగ్ కాంపొనెంట్ తీగలే గతి.

తమాషా ఏమిటంటే, ఒక సిగ్నల్‌ని రెండు తెరలకు పంచే చవక స్ప్లిటర్లలో కొన్ని ఈ కాపలాను చడీచప్పుడూ లేకుండా పక్కకు తప్పిస్తాయి. నియమం పాటించే మంచి కార్డు కొన్నవాడికే చీకటి.

ప్లేస్టేషన్ 5లో సెట్టింగ్స్, సిస్టమ్, హెచ్‌డీఎంఐలోకి వెళ్లి హెచ్‌డీసీపీని ఆపేస్తే సరిపోతుంది. సినిమాల యాప్‌లు ఆడనంటాయి, ఆటలకు అడ్డులేదు. స్విచ్ లైట్ కన్సోల్ ఉన్నవాళ్లు ఆ సెట్టింగ్ కోసం వెతుక్కోనక్కర్లేదు. దానికి బొమ్మ బయటికి పంపే ఏర్పాటే లేదు, వజ్రాల కేబుల్ కొన్నా.

ఇక కార్డు అట్టపెట్టె మీద పెద్దచ్చుల్లో మెరిసే "4కె". చవక కార్డుల్లో చాలావాటికి 4కె లోపలికి వస్తుంది, రికార్డయ్యేది 1080పీ, సెకనుకు 30 ఫ్రేములే. అవి వాడే యూఎస్‌బీ 2.0 దారి వెడల్పు సెకనుకు 480 మెగాబిట్లు. కుదించని 1080పీ 60 ఫ్రేములకే దాదాపు 2,000 కావాలి. అట్ట మీది అంకె అబద్ధం కాదు, లోపలికి వచ్చేదాని లెక్క అది. పెట్టె తిప్పి, చిన్నచ్చుల్లో "రికార్డింగ్" పక్కన ఏ అంకె ఉందో చదివాకే డబ్బు తీయండి.