కారం మీద నేరం

గుంటూరు యార్డులో మిర్చికి రేటు పడిపోతే పేపర్లో వార్త వస్తుంది. అదే మిర్చికి మన ఇళ్ళలో రోజూ పొద్దున్నే జరిగే అవమానం ఏ పేపర్లోనూ రాదు. బ్రష్షు నోట్లో తిప్పగానే నురగ ఎర్రబడుతుంది. "వేడి చేసిందే! రాత్రి గోంగూరలో ఆ పండుమిరపకాయలు నంజుకోకుండా ఉండాల్సింది" అని తీర్పు వెలువడుతుంది. సాక్షి లేడు, విచారణ లేదు. ఆ పూట నుంచి పెరుగన్నం, సబ్జా నీళ్ళు.

తీర్పు చెప్పిన పెద్దాయన కింది పెదవి కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. అది వాపు కాదు. అరచేతిలో సున్నం రాసి, బొటనవేలితో నలిపి, రెండు దెబ్బలు కొట్టి దుమ్ము దులిపి, పెదవికీ చిగుళ్ళకీ మధ్య భద్రంగా సర్దిన ఖైనీ. అడిగితే "ఇది పంటినొప్పికి మందయ్యా, పురుగు చస్తుంది" అంటాడు. పంట్లో పురుగెక్కడిది, పత్తి చేలో కాయతొలుచు పురుగు గానీ!

ఈ నేల పంటలు మూడింటికీ మన నోట్లో తలా ఒక వేషం ఇచ్చాం. మిర్చి ముద్దాయి. పత్తి కాంపౌండరు: లవంగ నూనెలో ముంచి వాచిన చోట అదుముతాం. చిక్కటి నూనె తగిలి అక్కడ చర్మం కాలితే, ఆ పుండునూ కారం ఖాతాలోనే రాస్తాం. పొగాకు మాత్రం పెద్ద డాక్టరు. ఎందుకు కాదు? 1976లో ఏర్పడిన పొగాకు బోర్డుకు ప్రధాన కార్యాలయం గుంటూరే. ఒంగోలు, టంగుటూరు, కొండపిలలో వేలం కేంద్రాలు. ఇంత పరపతి ఉన్నవాణ్ణి బోనెక్కించడం మర్యాదేనా?

పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపకూడదని కేంద్రం 1992లో నిషేధించింది. మనం చట్టాన్ని గౌరవించేవాళ్ళం. అందుకే ముక్కుపొడుం విడిగా కొనుక్కుని వేలితో చిగుళ్ళకు పట్టిస్తాం. "చుట్ట కాల్చే మా బాబాయికి ఏనాడూ రక్తం కారలేదు" అని ఇంకొకరి వాదన. కారదు మరి. పొగకు చిగుళ్ళలో రక్తనాళాలు ముడుచుకుపోతాయి. లోపల ఎముక కరుగుతున్నా పైకి రక్తం కనబడదు. పన్ను ఊగేదాకా రోగం చప్పుడు చేయదు.

అసలు నేరస్థుడి పేరు పాచి. ఇది 1965లోనే తేలిపోయిన కేసు. డెన్మార్కులో హెరాల్డ్ లో అనే శాస్త్రవేత్త బృందం ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించింది. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోమడం మొదలెడితే తగ్గిపోయాయి. వాళ్ళెవరూ మన తేజా మిరపకాయ కొరికినవాళ్ళు కారు. కారం ఒరిసిన చిగురును మండిస్తుంది, నిజమే. ఒరిపించింది మాత్రం పాచి.

పైగా కారానికి మనం రుణపడాలి. సి విటమిను బొత్తిగా కరువైతే చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది. ఆ విటమినును హంగరీ శాస్త్రవేత్త సెంట్ గ్యోర్గీ దండిగా తీసింది ఎందులోంచి? వాళ్ళ ఊరి మిరపజాతి కాయల్లోంచే! 1937లో నోబెల్ కూడా వచ్చింది. పచ్చిమిర్చిలో ఆ విటమిను బోలెడుంది. కళ్ళంలో ఎండబెట్టాక చాలావరకు పోతుంది.

అదే 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ బయటపడింది. కనిగిరి, పొదిలి వైపు పళ్ళ మీద గోధుమరంగు చారలు నీళ్ళలోని ఫ్లోరైడు గీసినవి, పంటి లోపలివి. వాటిని గార అనుకుని బొగ్గు, ఇటుకపొడి, ఉప్పురాళ్ళతో రుద్దేవాళ్ళున్నారు. మరక పోదు, చిగురు పోతుంది.

నిజంగా గార కట్టినవాళ్ళు మాత్రం డాక్టరు దగ్గరికి పోరు. "క్లీనింగు చేయిస్తే పళ్ళు కదులుతాయంట!" గోడ కూలకుండా చెదపుట్ట పట్టుకుని నిలబెట్టిందని నమ్మేవాడు పుట్టను తవ్వనిస్తాడా? ఎముకను తినేసింది ఆ గార కింద చేరిన పాచే. గార తీశాక కనిపించే సందులు అది చేసిన నష్టమే, డాక్టరు చేసింది కాదు.

మిగతా ముద్దాయిలూ కొందరున్నారు. అదుపులో లేని షుగరు. గర్భిణుల్లో హార్మోన్లు. ఫిట్సుకు వాడే ఫెనిటోయిన్, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ లాంటి మాత్రలతో కొందరికి చిగుళ్ళు పెరుగుతాయి. మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, రాసిన డాక్టరుకు చెప్పండి. కానీ షుగరు పరీక్షకు పోవడం కంటే పచ్చడి మీద నెపం వేయడం తేలిక కదా!

చేయాల్సింది చిన్న పనే. మెత్తని బ్రష్షుతో రెండు పూటలా, పడుకోబోయే ముందు తప్పకుండా, పన్నూ చిగురూ కలిసే గీత మీద నెమ్మదిగా తోమాలి. పళ్ళ సందులూ శుభ్రం చేయాలి. రక్తం వచ్చిందని తోమడం ఆపితే పాచికి పండగే. గోరువెచ్చని ఉప్పునీళ్ళ పుక్కిలింత ఉపశమనానికే, గార దానికి లొంగదు. దాన్ని డెంటిస్టే తీయాలి. చీము, జ్వరం, దవడ వాపు ఉంటే అదే రోజు వెళ్ళాలి. నోట్లో తెల్లమచ్చో మానని పుండో రెండు వారాలు దాటినా అంతే.

కాబట్టి పచ్చడి జాడీ మూత తీయండి, ఖైనీ పొట్లం పారేయండి. మానడం కష్టంగా ఉంటే 1800 11 2356కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. మిర్చి మీద పెట్టిన కేసు మాత్రం ఇవాళే కొట్టేయండి.