బంపర్ వెనుక వించ్ ఆత్మకథ

దిగబడ్డ బండి ఎవరి సాయమూ లేకుండా తనను తానే బయటికి లాక్కోవడానికి దాని ముందు భాగంలో బిగించే కరెంటు యంత్రం వించ్. మోటారు తిరుగుతుంది, డ్రమ్ము తాడును చుట్టుకుంటుంది, తాడు రెండో కొస ఏ చెట్టుకో కట్టి ఉంటుంది కనుక బండే చెట్టు వైపు జరుగుతుంది. బంపర్ మీద బాహాటంగా కూర్చునే వించ్‌లు ఒక రకం. బంపర్ వెనుక ఉండి, ఒక కన్నం, అందులో ఒక కొక్కెం తప్ప ఏమీ బయటపడనివి ఇంకో రకం. ఈ ఆత్మకథ రెండో రకానిది. ‘నేను’ అనుకోవడం యంత్రానికి అంతగా నప్పదు కాబట్టి ఇందులో అది ‘ఈ వించ్’ గానే కనిపిస్తుంది.

జీపు వించ్‌ల వంశవృక్షం అమెరికాలో మొదలవుతుంది. 1948లో సియాటిల్‌లో ఆర్థర్ వార్న్ అనే ఆయన యుద్ధంలో మిగిలిన జీపులకు హబ్‌లు తయారుచేస్తూ ఒక సంస్థ పెట్టాడు. ఆ సంస్థ తెచ్చిన 8274 మోడల్ ఇప్పటికీ ఈ రంగంలో పెద్దదిక్కు. పేరులోనే వివరం ఉంది: 8,000 పౌండ్లు, 1974. అయితే అది నిలువుగా, ఎత్తుగా ఉండే యంత్రం, దాన్ని బంపర్ వెనుక దాచడం కష్టం. మోటారు, డ్రమ్ము, గేర్లు ఒకే వరుసలో పడుకున్నట్టుండే ప్లానెటరీ గేర్ల నమూనా వచ్చాకే దాచిపెట్టడం సులువైంది. ఈ వించ్ ఆ పొట్టి కుటుంబంలోదే. చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో పుట్టి, నవా షేవా రేవులో దిగి, లారీలో హైదరాబాద్ మీదుగా తూప్రాన్ చేరింది. దారిలో జహీరాబాద్ దగ్గర మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ తగిలింది. ఊళ్లోకి వచ్చాక పోటీ పడాల్సింది ట్రాక్టర్లతోనే అని అప్పటికి దానికి తెలియదు.

తూప్రాన్ 44వ నంబరు జాతీయ రహదారి మీది ఊరు. పాత లెక్కలో అది 7వ నంబరు, హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ వెళ్లే దారి. ఆ రోడ్డు మీద బండి ఆగితే క్రేన్ వస్తుంది. రోడ్డు దిగి హల్దీ వాగు వైపు పొలాల్లోకి వెళ్తే మాత్రం క్రేన్ రాదు. గట్టు పైభాగం ఎర్ర చలక, వాన పడ్డా గంటలో ఆరుతుంది. దిగువన నల్లరేగడి, అక్కడ చక్రం ఒకసారి దిగిందంటే పైకి లేవదు. అప్పుడు అందరికీ గుర్తొచ్చేది ట్రాక్టరే. చిక్కేమిటంటే, జీపు దిగబడేంత వాన పడ్డ రోజునే ఊళ్లో ట్రాక్టర్లన్నీ కేజ్ వీల్స్ తగిలించుకుని దమ్ము చేయడానికి పోతాయి. వాగు పక్క పొలం, ఒక థార్ బండి ఉన్న రైతు వించ్ కొనడానికి కారణం ఇంతే. సాహసయాత్రల సరదా ఏమీ లేదు.

దాచడానికి కారణం వేరు. పాత జీపులకు ముందు బలమైన ఇనుప గార్డు పెట్టి దాని మీద వించ్ బిగించేవారు. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. ఢీకొన్నప్పుడు అవి పాదచారులకు ప్రమాదం, బండి ముందు భాగం నలగాల్సిన తీరును కూడా మారుస్తాయి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వివరిస్తూ తీర్పు చెప్పింది. అందుకే కంపెనీ బంపర్‌ను అలాగే ఉంచి వెనుక పని చేసే పద్ధతికి గిరాకీ పెరిగింది. కంటికి కనపడనంత మాత్రాన ఏ మార్పూ చట్టబద్ధం అయిపోదు. రవాణా శాఖనూ బీమా కంపెనీనీ ముందే అడగడం మంచిదని, దాగి ఉన్నదే అయినా, ఈ వించ్ అభిప్రాయం.

బిగింపు మొదలయ్యేది బంపర్ విప్పడంతో. పైన కనిపించేది ప్లాస్టిక్ తొడుగు, బరువు మోయదు. దాని వెనుక లోహపు అడ్డ దూలం ఉంటుంది, అది గుద్దుకున్నప్పుడు నలగడానికి పెట్టింది, లాగడానికి కాదు. అసలు బలం ఆ వెనుక రెండు వైపులా పొడుగ్గా సాగే చాసిస్ రైళ్లది. “బంపర్‌కు కడితే బంపరే ఊడొస్తదన్నా, చెట్టు రాదు” అని హైవే పక్క షెడ్డు మెకానిక్ రైతుకు చెప్పిన మాటలో ఈ శాస్త్రమంతా ఉంది. నాలుగు టన్నుల లాగుడు కొక్కెం నుంచి తాడుకు, తాడు నుంచి డ్రమ్ముకు, అక్కడి నుంచి ప్లేటుకు, ప్లేటు నుంచి రెండు రైళ్లకూ సమానంగా వెళ్లాలి. ఈ దారిలో ఎక్కడ బలహీనత ఉంటే అక్కడే తెగుతుంది.

ప్లేటు ఆరు మిల్లీమీటర్ల ఉక్కు. వించ్ కాళ్లకు వేసిన నాలుగు కన్నాల కొలత దాదాపు ప్రపంచమంతా ఒకటే: అడ్డంగా 254, ఇంకో వైపు 114 మిల్లీమీటర్లు. కాళ్లు కిందికి పెట్టి బిగిస్తే లాగినప్పుడల్లా బోల్టులు అడ్డకోత భారం మోస్తాయి. కాళ్లు ముందుకు పెట్టి నిలువు ప్లేటుకు బిగిస్తే, తాడు లాగే కొద్దీ వించ్ ప్లేటుకే అదుముకుంటుంది, బోల్టుల మీద భారం తగ్గుతుంది, ఎత్తూ కలిసొస్తుంది. ఈ వించ్ బతుకు రెండో పద్ధతిలో సాగుతోంది. ప్లేటును రైళ్లకు వెల్డింగ్ చేయలేదు, 8.8 గ్రేడు బోల్టులతో బిగించారు. గట్టి ఉక్కు రైలుకు వెల్డింగ్ వేడి తగిలితే ఆ పక్కనే లోహం బలం కోల్పోతుంది. షెడ్డులో గ్యాస్ కట్టర్ చేతిలో ఉన్నవారికి ఇది రుచించదు కానీ, పట్టుబట్టాల్సిన చోటు ఇదే.

దాచిన వించ్‌కు పెద్ద ఇబ్బంది చెయ్యి అందకపోవడం. డ్రమ్మును వదులు చేసి తాడును చేత్తో లాగడానికి ఒక క్లచ్ మీట ఉంటుంది. కంపెనీ బిగించిన తీరులో అది బంపర్ లోపలి గోడకు ఆనింది. గేర్ల డబ్బా బోల్టులు విప్పి, డబ్బాను తిప్పి, మీట పైకి వచ్చేలా మళ్లీ బిగించారు, గ్రిల్ సందులోంచి రెండు వేళ్లు దూరుతాయి. సోలినాయిడ్ ఉండే కంట్రోల్ పెట్టె మామూలుగా వించ్ నెత్తిన ఉంటుంది. ఇక్కడ అది బానెట్ కిందికి, బ్యాటరీ పక్కకి మారింది.

వైరింగ్ దగ్గర పొదుపు పనికిరాదు. పూర్తి బరువు మీద మోటారు 400 ఆంపియర్లకు పైగా గుంజుతుంది, 12 వోల్టుల దగ్గర దాదాపు ఐదు కిలోవాట్లు. సెల్ఫ్ మోటారు కూడా వందల ఆంపియర్లు తీసుకుంటుంది కానీ రెండు మూడు సెకన్లే. వించ్ నిమిషం నడిస్తే ఆరేడు ఆంపియర్-అవర్లు ఖర్చు, ఆల్టర్నేటర్ అంత వేగంగా నింపలేదు. అందుకే 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, ఎర్త్ కేబుల్ బాడీకి కాక నేరుగా బ్యాటరీకి, మధ్యలో ఒక ఐసొలేటర్ స్విచ్. ప్రమాదంలో కేబుల్ నలిగి చాసిస్‌కు తగిలితే మంటలు రాకుండా ఆపేది ఆ స్విచ్చే, పని లేనప్పుడు అది ఆఫ్‌లో ఉండాలి.

ఇక రేడియేటర్. దాని ముందర ఇంత ఇనుము అడ్డంగా పెడితే గాలి తగ్గుతుంది. తూప్రాన్ వైపు మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఏసీ వేసుకుని హైవే ఎక్కితే ఆ లోటు మీటర్‌లో తెలుస్తుంది. వించ్‌కూ కండెన్సర్‌కూ మధ్య ఖాళీ వదలాలి, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లను కదపకూడదు. తాడు బయటికొచ్చే కన్నం నంబరు ప్లేటు కింద పడితే ఇంకో తంటా: స్నాప్ లాక్‌తో బిగిసిన హై సెక్యూరిటీ ప్లేటును ఇష్టం వచ్చినట్టు విప్పి పక్కకు పెట్టడం కుదరదు. కన్నం ఎక్కడ కోయాలో బంపర్ విప్పకముందే కొలుచుకోవాలి.

కొనేటప్పుడు చెప్పే సూత్రం, నిండు బరువుకు ఒకటిన్నర రెట్ల శక్తి. ఈ వించ్ శక్తి 9,500 పౌండ్లు, సుమారు 4,300 కిలోలు. సామానుతో రెండు టన్నులు దాటే బండికి అది చాలినట్టే ఉంటుంది. అయితే ఆ అంకె డ్రమ్ము మీద మొదటి వరుస తాడుకే వర్తిస్తుంది. పైన వరుసలు పెరిగే కొద్దీ చుట్టుకొలత పెరిగి లాగే శక్తి పడిపోతుంది, నాలుగో వరుసకు 2,800 కిలోల దగ్గరికి వస్తుంది. బురద లెక్క మరోలా ఉంటుంది. చక్రాల మేరకు దిగితే దాదాపు బండి బరువంత ప్రతిఘటన, ఫెండర్ల దాకా దిగితే రెట్టింపు.

ఒక శ్రావణంలో, రాత్రంతా వాన కురిసిన మర్నాడు, వాగు పక్క మడిలో ఆ రెండో లెక్కే ఎదురైంది. సైలెన్సర్ మూతి నీళ్లలో బుడగలు వేస్తోంది, ముందు నంబరు ప్లేటు సగం బురదలో ఉంది. గట్టు మీది వేపచెట్టుకు వెడల్పాటి పట్టీ చుట్టి, దానికి కప్పీ తగిలించి, తాడును వెనక్కి తెచ్చి బండి కొక్కేనికే వేశారు. బావి గిరక తాడు దిశను మారుస్తుందే తప్ప బరువు తగ్గించదు. ఇక్కడ రెండు పోగులూ బండినే లాగుతాయి కనుక శక్తి రెట్టింపు, వేగం సగం. తాడు ఎక్కువగా బయటికి పోయింది కాబట్టి డ్రమ్ము కింది వరుసల బలమూ కలిసొచ్చింది. అర నిమిషం లాగడం, మోటారు చల్లబడేదాకా ఆగడం, మళ్లీ లాగడం. ఇంజిన్ నడుస్తూనే ఉండాలి, ఏసీ ఆపాలి. రైతు తొందరపడ్డా మెకానిక్ పడనివ్వలేదు.

తాడు మొదట ఇనుప వైరు. బిగిసిన వైరు తెగితే కొరడాలా వస్తుంది, మధ్యలో తడి గోనె సంచి వేయడం, మనుషులు పక్కకు తప్పుకోవడం తప్పనిసరి. తర్వాత సింథటిక్ తాడుకు మారింది. దాదాపు పది కిలోలు తగ్గాయి, ముందు స్ప్రింగులు తేలికపడ్డాయి. రోలర్ల బదులు నున్నటి అల్యూమినియం మూతి వచ్చింది, ఎందుకంటే వైరు గీసిన రోలర్ల మీద సింథటిక్ పోగులు తెగుతాయి. దాని శత్రువు వేడి. ఇలాంటి వించ్‌ల బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది, మోటారుతో తాడు వదిలితే బ్రేకు కాలి తాడు లోపలి వరుసలను మెత్తబరుస్తుంది. అందుకే తాడు వదలడానికి మోటారు కాదు, క్లచ్ మీట. డ్రమ్ము మీద వైరైతే ఐదు చుట్లు, సింథటిక్ అయితే ఎనిమిది నుంచి పది ఎప్పుడూ మిగలాలి, కొసన ఉన్న బోల్టు బరువు మోయదు.

బురద పని అయ్యాక తాడంతా బయటికి లాగి, మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, కొంచెం బరువు మీద వరుసగా చుట్టాలి. వదులుగా చుడితే తర్వాతి లాగుడులో పై వరుస కింది వరుసల్లోకి దూరి ఇరుక్కుంటుంది. దాగి ఉన్న యంత్రానికి ఈ సేవ తరచూ అందదు, బంపర్ వెనుక చేరిన రేగడి ఎండి రాయవుతుంది. మొదటి గట్టి లాగుడు తర్వాత ప్లేటు బోల్టులు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడాలి. ఏడాదికోసారి బంపర్ విప్పి కేబుల్ కొసల పచ్చచిలుము గీకి గ్రీజు రాయాలి. వానాకాలం ముందు, అంటే మృగశిర లోపు, ఆ పని పెట్టుకుంటే బండి పొలంలోకి దిగే సమయానికి మోటారు ఒకసారి ఖాళీగా తిరిగి చూసుకున్నట్టవుతుంది.