అత్తగారి లేసు, మామగారి అంబాసిడర్

పాత కారుకి డిజైన్ పెయింటింగ్ వెయ్యాలని సరదా పడుతున్నారా? అయితే ముందు ఆ పని వచ్చినవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకండి. వాడొచ్చాడంటే సొట్టలకి లప్పం పెట్టాలంటాడు, నీళ్ళ ఎమరీ పట్టాలంటాడు, ప్రైమర్ ఆరాలంటాడు, ఆఖరికి ముసురు పట్టిందండీ, తెరిపిచ్చాక వస్తానంటాడు. మనకంత ఓపికెక్కడిది! నేను ఎవర్నీ అడక్కుండా మా మామగారి అంబాసిడర్‌కి స్వయంగా డిజైను వేశాను. ఈ సలహాలన్నీ ఆ అనుభవంలోంచి వచ్చినవే. కారు పాలకొల్లు దగ్గర మావాళ్ళ కొబ్బరితోటలో టార్పాలిన్ కింద ఉంది. మామగారు ఆ టార్పాలిన్ ఎవర్నీ ఎత్తనివ్వరు.

డిజైనంటే స్టిక్కర్లు కాదండోయ్. 1950, 60ల్లో కాలిఫోర్నియా కుర్రాళ్ళు తమ కార్లకి వేయించుకున్న రకాలు. వాటిలో రాజు లాంటిది లేసు డిజైను. కారు మీద లేసు గుడ్డ పరిచి పైనుంచి గన్నుతో రంగు కొడతారు. చిల్లులున్నచోట కొత్త రంగు పడుతుంది, దారమున్నచోట అడుగు రంగు మిగులుతుంది. గుడ్డ ఎత్తేస్తే రేకు మీద పువ్వులే పువ్వులు. మన ముగ్గు గొట్టానికి వేలు విడిచిన చుట్టం. పాపం వాళ్ళు లేసు కోసం కొట్టుకి పోవాలి. మనకి నరసాపురం ఉంది.

లేసు విషయంలో కక్కుర్తి పడకండి. బజార్లో మీటరు లెక్కన దొరికే మిషన్ లేసు అసలొద్దు. పోతే పోయిందనుకునే గుడ్డతో పని నేర్చుకోవడంలో మజా ఏముంది? చేత్తో అల్లిందే కావాలి. మెక్రే అనే స్కాట్లాండు మిషనరీ దొరసాని 1844లో మన వైపు ఆడవాళ్ళకి నేర్పిందని చెప్పుకునే అల్లిక అది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ నరసాపురం లేసు అల్లేవాళ్ళ మీద ఏకంగా పుస్తకమే రాసింది, 1982లో అచ్చయింది. ఇంటిపట్టున కూచుని విదేశీ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్న మనుషుల్ని ‘తీరిక వేళ ఏదో అల్లుకునే ఇల్లాళ్ళు’గా జమకట్టి, కూలి పేరుకిచ్చి, లాభం వర్తకులు పట్టుకుపోయారని ఆవిడ వాదన. మనకెందుకండీ ఆ గొడవ! మనది రంగుల వ్యవహారం.

మా అత్తగారి బీరువా అడుగు అరలో, కలరా ఉండల మధ్య, మడత పెట్టిన టేబుల్ క్లాత్ ఒకటుంది. రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్ద పువ్వులు, పువ్వుకి ఎనిమిది రేకులు, ఒకదానికొకటి గొలుసు కుట్టుతో అతికినవి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూచుని, దారపు ఉండ దొర్లిపోకుండా స్టీలు గిన్నెలో వేసుకుని, కొక్కెం సూదితో అల్లేవారట. ఇలాంటివి చచ్చినా అడగకండి. అడిగితే ఇవ్వరు. ఇచ్చినా ‘జాగ్రత్త బాబూ’ అంటారు, అక్కణ్ణుంచి చెయ్యి వణుకుతుంది. వాళ్ళు ఏ పెళ్ళికో వెళ్ళినప్పుడు తీసుకోవడమే మర్యాద.

ముహూర్తం శ్రావణంలో పెట్టుకోండి. ఎన్‌సీ రంగులో థిన్నరు చటుక్కున ఆవిరైపోతూ రేకుని చల్లబరుస్తుంది. గాలిలో తడి వచ్చి ఆ చల్లటి పూత మీద చేరుతుంది. దాంతో మెరవాల్సిన రంగు కుడితినీళ్ళలా తెల్లబడుతుంది. పెయింటర్లు దీన్ని జబ్బంటారు. నేను మాత్రం ‘గోదావరి మంచు’ అని పేరు పెట్టాను. పేరు పెట్టగానే లోపం కాస్తా డిజైనైపోతుంది. మామగారికి ఆ మంచు నచ్చక మళ్ళీ వెయ్యమన్నారు. ఈసారి కార్తీకంలో, రాత్రిపూట, ట్యూబ్‌లైటు కింద పెట్టుకున్నాను. చుట్టూ కోతకొచ్చిన చేలు. వాటిలోని పచ్చదోమకి లైటంటే ప్రాణం, తడి రంగంటే అంతకన్నా ప్రాణం. కారు టాపు మీద ఆకుపచ్చ మెరుపుకి అదే కారణం. పైసా ఖర్చు లేదు.

గన్ను రేకుకి జానెడు దూరంలో, నిటారుగా పట్టాలంటారు. నేను బెత్తెడు దూరంలో, ఏటవాలుగా పట్టాను. అలా పడితే రంగు దారం కిందకి దూరి, పువ్వు అంచు ఎక్కడుందో పువ్వుకే తెలియకుండా పోతుంది. మంచు పడ్డట్టు పల్చగా, పూత పూతకీ ఆగుతూ కొట్టాలని ఇంకో చాదస్తం. నూలు దారానికి దాహం ఎక్కువండి, దాన్ని ఎండగట్టడం పాపం. కారేదాకా కొట్టండి. గుడ్డని టేపుతో బిగించి లాగి అతికించే పని కూడా పెట్టుకోవద్దు, గాలికి కాస్త ఎగరనివ్వండి. కొట్టిన కాసేపటికే గుడ్డ ఎత్తెయ్యాలంటారే, అదస్సలు చెయ్యకండి. రంగు బాగా పట్టాలిగా! నేను తెల్లారేదాకా ఉంచాను.

దాని మీద క్యాండీ రంగు వెయ్యాలి. వెండి రేకు మీద ఎర్ర జిలెటిన్ కాగితం కప్పినట్టు, అడుగు మెరుపు పై రంగులోంచి కనపడడమే దాని అందం. పూత పెరిగినకొద్దీ రంగు ముదురుతుంది కాబట్టి అన్ని వైపులా లెక్కగా వెయ్యాలట. నేను మధ్యలో టీకి వెళ్ళొచ్చి లెక్క మర్చిపోయాను. కుడి తలుపు రేగుపండు, ఎడమ తలుపు నేరేడుపండు. ఏ వైపునుంచి చూసేవాళ్ళకి ఆ వైపు కారు.

చేప పొలుసుల డిజైన్‌కి పాత శుభలేఖ చాలు. అంచుని అర్ధచంద్రాకారంగా కత్తిరించి, అంచు వెంట సన్నగా రంగు కొట్టి, వరస వరసకీ జరుపుకుంటూ పోవడమే. ఎటునుంచి మొదలెట్టాలో ముందు ఆలోచించుకోవాలంటారు. ఆలోచిస్తే నేనెలా అవుతాను! నా పొలుసులన్నీ తలకిందులుగా వచ్చాయి, కారు ముందుకి పోతుంటే చేప తోకవైపు ఈదుతున్నట్టుంటుంది. పులస ఎదురీదుతుంది కదండీ అంటే మామగారు, ‘ఎదురీదుతుందయ్యా, వెనక్కీదదు’ అన్నారు.

పొగమచ్చల సంగతి టూకీగా చెప్తాను. ఆక్సిజన్ కలపకుండా ఎసిటిలిన్ మంట పెడితే వచ్చే మసిని, కాటుక పట్టినట్టు రేకు మీద పట్టి, చెయ్యి తగలకుండా పైన క్లియర్ కొట్టాలి. పక్కన థిన్నర్ డబ్బా మూత తీసి ఉంచుకుంటే సౌకర్యంగా ఉంటుంది. నా కనుబొమలు మళ్ళీ మొలిచాయి.

ముక్కుకి తువ్వాలు చాలు. హార్డ్‌నర్ కలిపే టూకే రంగుల్లో ఐసోసయనేట్లుంటాయనీ, పీలిస్తే ఉబ్బసం పట్టుకుంటుందనీ, దాన్ని తువ్వాలు ఆపదనీ ఒక ముసలి పెయింటరు దగ్గుతూ చెప్పాడు. దగ్గేవాళ్ళ మాట ఏం వింటాం! ఆర్సీలో కారు రంగు రాసి ఉంటుంది, మారిస్తే ఆర్టీవో ఆఫీసుకి చెప్పాలని కూడా అంటారు. చెప్పడానికి అభ్యంతరం లేదు గానీ, మా కారుది ఏం రంగని రాయించను?

ఇక గుడ్డ తీసే ఘట్టం. తెల్లారి లాగాను. చర్రుమంది. బానెట్ మీద దారపు నూగు, పెచ్చులు, అక్కడక్కడ సగం రేకులు. వైపర్ పక్కన మాత్రం, గన్నులో రంగు అయిపోయి తుంపరలే పడ్డచోట, ఒక పువ్వు నిలిచింది. గొలుసు గొలుసూ లెక్కపెట్టొచ్చు, అంత చక్కగా పడింది. గుడ్డని థిన్నర్ బకెట్లో నానబెట్టాను, మీరూ నానబెట్టండి. కాసేపటికి అది ఏ రంగూ కాని రంగుకి తిరుగుతుంది.

అత్తగారు పెళ్ళి నుంచి సాయంత్రానికి వచ్చారు. ఏమీ అనలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని వైపర్ పక్కకి వంగి, వేలు ఆనించి రేకులు లెక్కపెట్టారు.

‘దీనికి ఏడే ఉన్నాయి చూడండి బాబూ. కరెంటు పోయిన రాత్రి అల్లింది. ముప్ఫయ్యేళ్ళబట్టీ బల్ల మీద పరుస్తూనే ఉన్నాం, ఇప్పటిదాకా ఎవరికీ కనపళ్ళేదు’ అన్నారు.

తర్వాత నడుం ఎత్తి, ‘ఇంతకీ ఆ గుడ్డేదీ?’ అన్నారు.

దీనికి జవాబు మీరు ముందే తయారుచేసి పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.